వాగు పాటలో ఖాళీ జాగ

జహీరుద్దీన్ సారు తెలుగు పండితుడు అని చెబితే కొత్తవాళ్లు ఒకసారి ఆగి, "ఉర్దూ కదా?" అని అడిగేవాళ్లు. కాదు, తెలుగే అంటే, ఆయనకేదో పైకి కనబడని జబ్బుందని విన్నట్టు మొహం పెట్టేవాళ్లు. సిద్దిపేటలో ఇరవై ఏళ్లుగా ఇదే తంతు. అలవాటైపోయిందని ఆయన అనేవాడు గానీ అబద్ధం, ప్రతిసారీ ఒళ్లు మండేది. ఆ మంటతోనే ఛందస్సు మీద పగబట్టినట్టు నేర్చుకున్నాడు. ఊళ్లో ఏ పంతులు పద్యం రాసినా సారు చెవిన పడాల్సిందే. గణం తప్పితే ఆయన మొహం అన్నంలో రాయి తగిలినట్టు అయ్యేది. రాసినవాణ్ని టీకొట్టు దగ్గర నిలబెట్టి, చేతిలో గ్లాసు చల్లారిపోయేదాకా వదిలేవాడు కాదు. మనిషి మంచివాడే, పద్యం దగ్గర మాత్రం పోలీసు.

అలాంటి మనిషికి చంద్లాపూర్ వాగు పాట దొరికింది.

1987 వానాకాలంలో తొమ్మిదో తరగతి అమ్మాయిలకు ద్విపద చెబుతున్నాడు. పాదానికి మూడు పెద్ద గణాలు, చివర ఒక చిన్న గణం. మూడో గణం మొదట్లో యతి. రెండు పాదాల్లోనూ రెండో అక్షరం కలిస్తే ప్రాస. ఎవరికైనా ఉదాహరణ తెలుసా అంటే వెనక బెంచీలోంచి అనసూర్య లేచింది. చంద్లాపూర్ పిల్ల, ఇక్కడ హాస్టల్లో ఉండి చదువుతోంది.

"మా ఊరి నాట్ల పాట గిట్లనే ఉంటది సార్. కొండవ్వ పెద్దమ్మ పాడుతది, ఆడోళ్లందరు అందుకుంటరు."

"పాడు చూద్దాం."

బండసందుల పుట్టె బాలయై నీరు
కొండకొంగును పట్టి కొసరుతూ నడిచె

సారు చేతిలో సుద్దముక్క అక్కడే ఆగిపోయింది. బోర్డు మీద రాసి గణాలు విడదీశాడు. గురువులూ లఘువులూ కొలిచి పోసినట్టు కూర్చున్నాయి. యతి ఉంది, ప్రాస ఉంది. బడి మొహం చూడని ఆడవాళ్లు బురదలో వంగి నాటు వేస్తూ పాడే పాట ఇది! ఆదివారం దాకా ఆగలేక, శనివారం బడి వదలగానే సైకిలెక్కాడు.

కొండవ్వకు అరవై దాటి ఉంటాయి. సన్నటి మనిషి, గొంతు మాత్రం పొలం అవతలి గట్టుకు వినబడేది. నాట్లకు పోయే ఆడవాళ్లకు ఆమె మాటే మాట. వరసలో ముందు ఆమె పాదం ఎత్తుకుంటే వెనక ఇరవై గొంతులు అందుకోవాలి, ఇరవై చేతులు నారు గుచ్చాలి. సారు నాలుగు ఆదివారాలు గట్టు మీద కూర్చుని పాటంతా రాసుకున్నాడు. యాభైకి పైగా ద్విపదలు. అంతా వాగు కథే. బండ సందులో ఆడపిల్లలా పుట్టడం, గుట్ట దిగడం, సీతాఫలం చెట్ల మధ్య ఆడుకోవడం, ఎండాకాలం ఇసుకలో దాక్కోవడం. చివరికి ఎక్కడో పైన వాన పడితే, ఇక్కడ ఆకాశం తెల్లగా ఉండగానే ఉరికొచ్చి, అన్నీ ముంచి, చెరువులో పడి నిద్రపోవడం.

ఇసుకలో దాగెనే ఎండలో వాగు
పసిబిడ్డ తవ్వితే పాలోలె ఊరె

ఈ ద్విపద రాసుకున్నప్పుడు సారు పెన్ను కాసేపు నిలిచిపోయింది. వాగు ఇసుకలో చెలిమె తవ్వి, ఊరిన నీళ్లను కొబ్బరిచిప్పతో ఎత్తి బిందె నింపడం ఆయనకు తెలుసు. చిన్నప్పుడు వాళ్ల ఊరు ఇదే వాగు ఒడ్డున, ఇంకా కిందికి ఉండేది. ఆయన గబగబా పేజీ తిప్పాడు.

మధ్యమధ్య ఒక పల్లవి వచ్చేది.

వాగొచ్చె వాగొచ్చె వాకిట్లకొచ్చె
ఆగవే ఆగవే ఆడనే

అంతే. రెండో పాదం చివర ఉండాల్సిన చిన్న గణం లేదు. సారు రెండుసార్లు పాడించుకున్నాడు. రెండుసార్లూ "ఆడనే" దగ్గర అందరి గొంతులూ ఒక్కసారిగా తెగిపోయాయి. మూడు మాత్రల సేపు ఏమీ లేదు. మళ్లీ పైపాదం మొదలైంది.

"అవ్వా, ఇక్కడ ఒక మాట తక్కువైంది. ఆడనే అన్నాక ఏముంటుంది?"

"గంతే సారూ."

"గంతే కాదు. అక్కడ ఒక చిన్న మాట ఉండాలి. మీ అమ్మ పాడినప్పుడు ఏమని పాడేది?"

"గాడ ఏం లేదు. గాడ ఊకుంటం," అంది కొండవ్వ. ఆడవాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఒకామె కాలవలో చేతులు కడుక్కోవడం మొదలుపెట్టింది. కొండవ్వ కొంగు దులుపుకుని, "పొద్దువోతుంది సారూ, నువ్వు సైకిల్ మీద పోవాలె," అంది. అంటే ఇక లేవమని.

సారు లేచాడు గానీ ఊరుకునే రకమా! పాత కాలంలో ఉన్న మాట నోటినోటికీ మారుతూ జారిపోయి ఉంటుందని తేల్చుకున్నాడు. ఇంత సొగసైన పాటకు ఈ ఒక్క లోపం ఎందుకుండాలి? స్కూలు రజతోత్సవ సంచికకు దసరా సెలవులంతా కూర్చుని పెద్ద వ్యాసం రాశాడు. వాగు పాటలో ఛందస్సు, ప్రాస, పునరుక్తి. అందులో ఆయనకే గర్వంగా అనిపించిన సంగతి ఒకటుంది. పల్లవి మొదట్లో ఎనిమిది ద్విపదలకొకసారి వస్తుంది. తర్వాత ఆరింటికి, నాలుగింటికి, రెండింటికి. చివర్లో ప్రతి ద్విపదకూ వస్తుంది. అదే మాట, అదే వరస. మొదటిసారి "వాగొచ్చె" అంటే పండగలా ఉంటుంది. మాట మారకుండానే చివరికొచ్చేసరికి వణుకు పుడుతుంది. వరద దగ్గరికి వస్తున్న తీరును పాట కట్టినవాళ్లు పల్లవుల మధ్య ఎడం తగ్గించి చూపించారని రాశాడు. ఎవరు కట్టారో గానీ వాళ్లు మహానుభావులని కూడా రాశాడు.

తర్వాత ఖాళీని పూరించాడు.

ఆగవే ఆగవే ఆడనే నిలువు

ని, లు, వు. మూడు లఘువులు. గణం సరిపోయింది, అర్థం కుదిరింది. ఆ మాట కోసం ఆయన వెతుక్కోలేదు. పెన్ను పెట్టగానే వచ్చేసింది. "లుప్తమైన గణము పూరింపబడినది" అని కింద చిన్న అక్షరాల్లో వేసి, సంతోషంగా టీ తాగాడు.

పెద్ద మేడం స్వరాజ్యలక్ష్మి వ్యాసం చదివి ముచ్చటపడింది. ఫిబ్రవరిలో రజతోత్సవానికి జిల్లా విద్యాధికారి వస్తున్నాడు, ఆయన ముందు ఇరవై ఒక్క మంది అమ్మాయిలతో ఈ పాట పాడించాలంది. "మన సారు పేరు జిల్లా అంతా తెలవాలె," అంది. సారు నాకెందుకండీ అన్నాడు. అన్నాడు గానీ ఆ సాయంత్రం సైకిల్ తొక్కుతూ ఒక్కడే నవ్వుకున్నాడు.

జనవరిలో హాల్లో సాధన మొదలైంది. రేకుల కప్పు హాలు. మొదటిరోజు ఇరవై ఒక్క గొంతులూ కలిపి "ఆడనే నిలువు" అన్నాయి. కప్పు ఆ మాటను పట్టుకుని తిరిగి ఇచ్చింది. ఆ మాట సారుకు అంత తొందరగా ఎక్కడినుంచి వచ్చిందో అప్పుడు తెలిసింది.

ఆయనకు పదేళ్లు, చెల్లెలు రబియాకు ఏడు. వానలు ఎగ్గొట్టిన ఏడు అది. వాగులో ఇసుక తప్ప ఏమీ లేదు. అమ్మ నీళ్లకు పంపింది. వాగు నడిమధ్యలో చెలిమె తవ్వాడు. నీళ్లు మెల్లగా ఊరుతున్నాయి. ఒడ్డున సీతాఫలాలు కళ్లు విచ్చి కనబడుతున్నాయి. చెల్లెలి చేతికి కొబ్బరిచిప్ప ఇచ్చి, "యహీఁచ్ ఠైర్," ఇక్కడే నిలువు అని, "నేనొచ్చేదాకా ఇక్కణ్నుంచి కదిలావంటే తంతా" అన్నాడు. ఒడ్డెక్కి చెట్టెక్కాడు. ఎండ కాస్తూనే ఉంది. పైనుంచి రైలు వస్తున్నట్టు చప్పుడైంది. చెట్టు మీదినుంచి అరిచాడు, రమ్మని. ఆ పిల్లకు వినబడలేదో, వినబడినా అన్న వచ్చేదాకా కదలకూడదనుకుందో. చిప్ప పట్టుకుని నిలబడి ఆయన వైపే చూసింది. తర్వాత ఇసుక కనబడలేదు.

మూడోరోజు కింద తుమ్మచెట్ల దగ్గర దొరికింది. చేతిలో చిప్ప అలాగే ఉంది. ఇంట్లో తను చెప్పింది వేరు. వద్దన్నా వినకుండా ఆడుకోవడానికి వాగులోకి పోయిందన్నాడు. తండ్రి నమ్మాడు, ఆయన పోయి చాలా ఏళ్లయింది. అమ్మ ఖాతూన్‌బీ నమ్మింది, నమ్ముతూనే ఉంది.

అసలు ముల్లు అక్కడే ఉంది. ముప్పై ఆరేళ్లుగా ఆ ఇంట్లో రబియా పేరు ఒకే పనికి వస్తోంది, పిల్లల్ని బెదిరించడానికి. ఇప్పుడు సారు చిన్నకూతురు షమ్షున్నీసాకు ఏడేళ్లు. చెప్పులు లేకుండా వీధిలోకి ఉరికితే చాలు, చూపు మందగించిన దాదీ ఖాతూన్‌బీ మంచంలోంచి కేక వేసేది. ఇంట్లో మాట దక్కనీ, తెలుగులో చెప్పాలంటే ఇలా: "వినకు, వినకు! రబియా కూడా ఇట్లనే మాట వినకపోయె. వింటే బతికేది." సారు ఆ మాట విన్నప్పుడల్లా చేతిలో ఏ పుస్తకముంటే దాంట్లో తల దూర్చేవాడు. పేజీ మాత్రం తిరిగేది కాదు.

సాధన సాగేకొద్దీ హాలు ఆయనకు పగదైపోయింది. పిల్లలు "నిలువు" అని ఆపేశాక, రేకుల కప్పు కింద ఇంకొక గొంతు కొంచెం ఆలస్యంగా వినబడేది. "ఖడీచ్ హూఁ భయ్యా" అని. నిలబడే ఉన్నా అన్నయ్యా అని. మొదటిసారి ప్రతిధ్వని అనుకున్నాడు. రెండోరోజు కిటికీలు మూయించాడు. మూడోరోజు పిల్లల్ని వరసలో నిలబెట్టి లెక్కపెట్టాడు. ఇరవై ఒక్కరే ఉన్నారు. అప్పుడు పాట చివరి భాగం వచ్చింది. పల్లవికీ పల్లవికీ మధ్య ఎడం తగ్గిపోయింది. నిలువు, నిలువు, నిలువు. జవాబు కూడా ప్రతిసారీ వచ్చింది. తన వ్యాసంలో తాను మెచ్చుకున్న ఏర్పాటే తన గొంతు మీద కూర్చుందని సారుకు అర్థమైంది. "తలనొప్పిగా ఉందమ్మా, ఈపూటకు చాలు," అని బయటికొచ్చి నల్లా కింద తల పెట్టాడు. తర్వాత సైకిల్ పెడలు కూడా అదే నడక నడిచింది. నమాజులో వంగినా లేచినా అదే.

రజతోత్సవం నాలుగు రోజులుందనగా కొండవ్వ స్కూలుకు వచ్చింది. మొదటి బస్సుకే వచ్చినట్టుంది. స్టాఫ్ రూమ్ గుమ్మం బయట గోడవార కూర్చుని, సారు రాగానే లేచి నిలబడింది.

"సారూ, పాటల మాట వెట్టినవంట."

"కూర్చో అవ్వా. ఎవరు చెప్పారు?"

"అనసూర్య మొన్న ఆయితారం ఇంటికొచ్చింది. యాసంగి నాట్లు కదా, మాతోని మడిల దిగింది. మేమందరం ఊకున్నకాడ గీ పిల్ల ఒక్కతే 'నిలువు' అని అరిసింది. అందరి చేతులు ఆగినయ్ సారూ. నారు చేతులనే ఉంది. లచ్చవ్వ అయితె మడిలనే కూలవడి ఏడ్సింది."

"అక్కడ గణం తక్కువుంది అవ్వా. లోపముంటే సరిచేశాను. అంతే."

కొండవ్వ అటూ ఇటూ చూసింది. గొంతు తగ్గించింది. "గాడ వాగు దగ్గర చెప్పొద్దు. గీడ చెప్తె వాగుకు ఇనవడది, గందుకే చెప్తున్న. గది తక్కువైంది కాదు సారూ, ఇడిసివెట్టింది. వాగుల పోయినోళ్ల జాగ గది. ఎవరి బిడ్డ పేరు వాళ్లు కడుపుల అనుకుంటం. పైకి అనొద్దు. పేరు వెట్టి పిలిస్తె వాగు మళ్ల వస్తది. అందుకే ఊకుంటం. ఊకుండి నారు గుచ్చుతం."

సారు ఆమెను లోపలికి తీసుకెళ్లి బల్ల దగ్గర కూర్చోబెట్టాడు.

"నా బిడ్డ బాలలక్ష్మి. బాలి అంటుంటి. కైకిలి పనికి పోయి వస్తుంటె పోయింది. పీనుగ దొరకలే. బొంద లేదు, ఫొటో లేదు. దానికున్న జాగ గదొక్కటే. గాడ నువ్వు మాట వెడితె అదేడికి పోవాలె?"

సారు అలవాటు సారును వదలదు కదా. ఆ పరిస్థితిలో కూడా ఆయన బుర్ర గణం కట్టింది. బాలి, గురువు, లఘువు. ఆగవే ఆగవే ఆడనే బాలి. చక్కగా సరిపోయింది. ఎల్లి సరిపోతుంది, మల్లి సరిపోతుంది, లచ్చి సరిపోతుంది. పల్లెలో తల్లి గుమ్మంలో నిలబడి పిలిచే పిలుపు ఏదైనా అంతే కొలత. ఆ ఖాళీ పిలుపుపేరు కొలతకు కుట్టిన ఖాళీ. ఇరవై ఏళ్లుగా అందరి పద్యాల్లో లోపాలు వెతికిన మనిషికి చెవుల్లో వేడి పుట్టింది.

"మీకెవ్వరు లేరా సారూ, గా జాగల?" అంది కొండవ్వ.

"ఎవరూ లేరు," అన్నాడు జహీరుద్దీన్ సారు. వెంటనే, "సంచిక అచ్చయిపోయింది అవ్వా. మూడు వందల కాపీలు. విద్యాధికారి వస్తున్నాడు. పాదం తెగిపోతే పండితులందరూ నవ్వుతారు, తురక సారుకు ద్విపద రాలేదంటారు," అన్నాడు. చివరి మాట అనాలనుకోలేదు, వచ్చేసింది.

కొండవ్వ తిట్టలేదు. మూటలోంచి పేలాల ముద్దలు తీసి బల్ల మీద పెట్టి, "పిల్లలకియ్యి," అని వెళ్లిపోయింది. తిట్టి ఉంటే బాగుండేది.

ఆ మధ్యాహ్నం సాధనలో సారు కప్పు వైపు చూస్తూ నిలబడ్డాడు. పిల్లలు నిలువన్నారు. నిలబడే ఉన్నా అని జవాబు వచ్చింది. ఒక్కసారి కాదు కదా, నెలరోజులుగా రోజుకు ఇరవై సార్లు, ఇరవై ఒక్క మంది పిల్లల్ని పెట్టి మరీ చెప్పిస్తున్నాడు ఆ పిల్లకు, కదలొద్దని. భయం, సిగ్గు, ఏడుపు మూడూ ఒక్కసారే వచ్చాయి. మర్నాడు సెలవు చీటీ పెట్టి చంద్లాపూర్ పోయాడు.

పొద్దున పది గంటల ఎండ. బావి కింద మడిలో వరస నడుస్తోంది. ఎవరూ ఆయన్ని పలకరించలేదు. ఆయన చెప్పులు విడిచి గట్టు మీద నిలబడ్డాడు. కొండవ్వ పాడింది, వాళ్లు అందుకున్నారు. ఆగవే ఆగవే ఆడనే. గొంతులు తెగాయి. ఇరవై నడుములు వంగి ఉన్నాయి. ఇరవై చేతులు ఒక్కసారే బురదలోకి దిగాయి, నారు నాటి పైకి వచ్చాయి. బురదలో బుడగలు చిట్లిన చప్పుడు తప్ప ఇంకేమీ లేదు. నాలుగు ఆదివారాలు ఇదే గట్టు మీద కూర్చుని, తల పుస్తకంలో పెట్టుకుని, ఆయన ఈ చేతుల్ని చూడనే లేదు. మళ్లీ పల్లవి వచ్చింది. ఈసారి ఆ ఖాళీలో తనకు తెలియకుండానే ఆయన కడుపులో ఒక పేరు పడింది. ర, బి, య. ముద్దుగా కుదించి పిలిస్తే మూడూ లఘువులే. గొంతులు తెగిన ఆ కాస్తసేపట్లో జవాబు రాలేదు.

అన్నాలకు గట్టెక్కినప్పుడు కొండవ్వ దగ్గర కూర్చుని చెప్పాడు. చెలిమె, చిప్ప, సీతాఫలాలు, చెప్పిన అబద్ధం. ముప్పై ఆరేళ్లలో మొదటిసారి చెబుతున్నాడు కాబట్టి మాటలు వరసగా రాలేదు. కొండవ్వ సద్ది ముద్ద చేతిలోనే పట్టుకుని విన్నది.

"నిలువుమన్నది నువ్వేనా?"

"నేనే."

"మల్ల గదే మాట పాటల వెట్టినవా?"

సారు తల వంచుకున్నాడు.

"తీసెయ్యి సారూ. పిల్ల ఇంకెన్నేండ్లు నిలుసుంటది గాడ? కాళ్లు గుంజవా?" అంది కొండవ్వ. "నాకు చెప్తె ఏం ఫాయిదా? కన్నతల్లి ఉన్నది కదా, ఆమెకు చెప్పు," అని ముద్ద నోట్లో పెట్టుకుంది.

ఇంటికి వచ్చేసరికి సాయంత్రపు అసర్ నమాజు వేళ దాటింది. ఖాతూన్‌బీ వాకిట్లో చాప మీద చేటలో బియ్యం పోసుకుని రాళ్లు ఏరుతోంది. కళ్లు సరిగా కనబడకపోయినా ఆమె వేళ్లకు రాయి తెలిసేది. ఆమె ఏరిన బియ్యంలో ఎన్నడూ రాయి తగల్లేదు. సారు ఎదురుగా కూర్చున్నాడు. అమ్మీ అన్నాడు. తర్వాత అంతా చెప్పాడు, పాటలో ఆ ఖాళీ ఎవరి జాగో కూడా.

వేళ్లు ఆగిపోయాయి.

"చేతిలో చిప్ప," అంది ఖాతూన్‌బీ. "ఆడుకోవడానికి పోయిన పిల్ల చేతిలో చిప్ప ఎందుకున్నదో నాకు ఎన్నడూ సమజ్ కాలే. అంటే నా బచ్చీ మాట విన్నది."

"విన్నది అమ్మీ. నా మాట విన్నది కాబట్టే."

ఆమె చెయ్యి గాలిలో తడుముతూ వచ్చి ఆయన మొహాన్ని దొరకబుచ్చుకుంది. దొరికిన చెంప మీద లాగి కొట్టింది. నలభై ఆరేళ్ల పంతులు, కళ్లద్దాలు పోయి చేటలో పడ్డాయి. "ముప్పై ఆరేండ్లు," అంది, "ముప్పై ఆరేండ్లు నా నోటితోనే నా బిడ్డను తిట్టించినవ్." ఇంకేమీ అనలేదు. గుమ్మంలో షమ్షున్నీసా బిక్కమొహంతో నిలబడి ఉంటే, దగ్గరికి పిలిచి ఒళ్లో కూర్చోబెట్టుకుని పెద్దగా ఏడ్చింది. సారు చేటలోంచి కళ్లద్దాలు తీసుకుని, చిందిన బియ్యం ఒక్కొక్క గింజా ఎత్తాడు. ఆ తర్వాత రెండు రోజులూ ఆమె కొడుకుతో మాట్లాడలేదు.

ఆయనకు పని ఉంది. మూడు వందల సంచికలు స్టోర్ రూమ్‌లో కట్టలు కట్టి ఉన్నాయి. బ్లేడు తీసుకుని ఒక్కొక్కటీ విప్పి, వ్యాసంలో ఆ మాట ఉన్న రెండు చోట్లా అక్షరాలు గీకేశాడు. కాగితం పల్చబడి తెల్లమచ్చ మిగిలింది. కొన్నిచోట్ల చిరిగింది కూడా. పెద్ద మేడం వచ్చి చూసి నోరెళ్లబెట్టింది.

"సార్, ఏం చేస్తుండ్రు? ఎల్లుండి ఫంక్షన్!"

"తప్పు రాశాను మేడం. తీసేస్తున్నా."

"అది తీస్తే గణం తప్పుతది కదా! మీరే కదా మూడు పేజీలు రాసిన్రు. విద్యాధికారి కూడా తెలుగు ఎమ్మే చేసిండు."

"నవ్వితే నన్నే నవ్వుతారు," అన్నాడు సారు, బ్లేడు ఆపకుండా.

పిల్లలకు మళ్లీ నేర్పడం కష్టమైంది. ఒక మాట నేర్చుకోవడం సులువు, ఆ మాట ఉన్న చోట ఊరుకోవడం కష్టం. ఎవరో ఒకరి నోట జారేది. అప్పుడు అనసూర్య ముందుకొచ్చి, "చేయి కిందికి దించున్రి, నారు పెడ్తున్నట్టు. నోరు గదే ఆగుతది," అంది. అలా చేశారు. నోళ్లు ఆగాయి.

రజతోత్సవం రోజు హాలు నిండిపోయింది. కొండవ్వ రాలేదు, నాట్లు విడిచి ఎలా వస్తుంది? ఖాతూన్‌బీ వచ్చింది. ఎవరూ పిలవలేదు. బురఖా వేసుకుని, షమ్షున్నీసా చెయ్యి పట్టుకుని, ముందు వరసలో ఆడవాళ్ల వైపు కూర్చుంది. సారు వేదిక పక్కన, పెద్ద మేడం పక్కన నిలబడ్డాడు.

మొదటి పల్లవి. ఆగవే ఆగవే ఆడనే. గొంతులు తెగాయి, ఇరవై ఒక్క చేతులు కిందికి దిగాయి. పిల్లలు మరిచిపోయారనుకుని వెనక ఎవరో నవ్వారు. విద్యాధికారి కళ్లద్దాలు సర్దుకుని సంచికలో తెల్లమచ్చ వైపు చూశాడు. రెండో పల్లవికి నవ్వు సన్నబడింది. నాలుగోసారికి హాల్లో ఎవరూ దగ్గను కూడా దగ్గలేదు. తర్వాత ఎడం తగ్గుతూ వచ్చింది. ప్రతి ద్విపద తర్వాతా వాగు వచ్చింది, ప్రతిసారీ పాట ఆగింది. ఖాళీ ఎంత పెద్దదైందంటే రేకుల మీద పిచ్చుక నడిచిన చప్పుడు వినబడింది. సారు ఒళ్లంతా చెవి చేసుకుని విన్నాడు. ఇంకో గొంతు ఎక్కడా లేదు. పైన కప్పు ఉంది, అంతే.

ఆఖరి పల్లవిలో ఆయన ముందు వరస చూశాడు. అమ్మ ముసుగు వెనక్కి వేసుకుంది. గొంతులు తెగగానే ఆమె పెదవులు కదిలాయి. పైకి ఏమీ రాలేదు.

చప్పట్ల మధ్య పెద్ద మేడం సారు వైపు వంగింది. "పాట బాగనే ఉంది సార్. కానీ చివరి గణం పోయిందే అని మనసు పీకుతుంది."

"పోలేదు మేడం. మూడు లఘువులు పడ్డాయి."

"నాకు వినపడలేదే?"

"మా అమ్మకు వినపడ్డాయి," అన్నాడు జహీరుద్దీన్ సారు.